ప్రభుత్వ ఆఫీసులో టెంపరరీగా పదేళ్లు దాటిందా? పర్మినెంట్ అడిగే ముందు ఫైలు కట్టుకోండి

ఇంట్లో ఉన్న పాత ఉద్యోగం కాగితం ఒక్కటి కూడా పారేయకండి. మొదటే ఇది చెప్పడానికి కారణం ఉంది. మా బాబాయి గుంటూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో 2005 నుంచి రోజుకూలీ లెక్కన అటెండర్‌గా చేస్తున్నాడు. చేరినప్పుడు ఇచ్చిన ప్రొసీడింగ్స్‌ని, అంటే నియామకం ఆర్డరుని, ట్రంకు పెట్టెలో చెదలు తినేశాయి, ఆఫీసులో అడిగితే మా దగ్గర కూడా కాపీ లేదన్నారు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే తాళం తీసేది ఆయనే, సాయంత్రం తాళం వేసేది ఆయనే, కానీ ఆయన ఎప్పుడు చేరాడో చెప్పే కాగితం మాత్రం ఆ బీరువాల్లో దొరకలేదు. చివరికి మాకు అక్కరకొచ్చినవి రెండు: జీతం పడుతున్న బ్యాంకు పాసుబుక్కు, 2009 ఎన్నికల డ్యూటీ ఆర్డరు. ఆ ఆర్డరులో పేరు, ఆఫీసు, హోదా మూడూ ఉన్నాయి. అలాంటివే మీ దగ్గరా ఉంటాయి, వెతకండి: ఐడీ కార్డు, పీఎఫ్ పాసుబుక్కు, ఈఎస్ఐ కార్డు, మెమోలు, ఛార్జి అప్పగించిన కాగితం, ఏదైనా సరే.

తర్వాత తేల్చుకోవాల్సింది, మీరు లోపలికి ఏ దారిన వచ్చారు అన్నది. డిపార్ట్‌మెంటే నోటిఫికేషనో ఇంటర్వ్యూనో పెట్టి కాంట్రాక్టు ఆర్డరు ఇచ్చిందా? మస్టరు (హాజరు పట్టీ) మీద, ఎన్ఎంఆర్‌గా (నామినల్ మస్టర్ రోల్ కింద), రోజుకూలీగా పెట్టుకున్నారా? లేక ఏజెన్సీ ద్వారానో, ఏపీకాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్) ద్వారానో జీతం వస్తోందా? ముగ్గురూ ఒకే గదిలో ఒకే పని చేస్తుండొచ్చు, కానీ చట్టం ముగ్గురినీ ఒకేలా చూడదు. విజయవాడ ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్లతో మాట్లాడితే చాలామందికి తమది ఏ కోవో స్పష్టంగా తెలియదు, అక్కడే కేసు బలహీనపడుతోంది.

ఇప్పుడు రూల్స్. మన ఆంధ్రప్రదేశ్‌లో 1994లో వచ్చిన 2వ నంబరు చట్టం రోజుకూలీ నియామకాలను నిషేధించింది, ఆ ఏడాదే వచ్చిన జీవో 212 ప్రకారం 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను రెగ్యులర్ చేశారు. ఆ తేదీ తర్వాత చేరినవాళ్లు కూడా జీవో 212 పట్టుకుని అర్జీలు రాస్తున్నారు, దయచేసి అలా రాయకండి, మొదటి పేజీలోనే తిరస్కరించడానికి వాళ్లకు కారణం ఇచ్చినట్టు అవుతుంది. కాంట్రాక్టు వాళ్లకైతే 2023లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. 2014 జూన్ 2కి ముందు మంజూరైన పోస్టులో కాంట్రాక్టు మీద చేరి, ఇంకా కొనసాగుతున్నవాళ్లు దాని కిందికి వస్తారు, విధివిధానాలు అదే ఏడాది అక్టోబరులో వచ్చిన జీవో 114లో ఉన్నాయి. మీరు ఆ కోవలోకి వచ్చి కూడా రెగ్యులర్ చేసేవాళ్ల లిస్టులో పేరు లేకపోతే, ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి.

రోజుకూలీలకు, ఎన్ఎంఆర్ వాళ్లకు ఏ ఆఫీసుకెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: "ఉమాదేవి తీర్పు ఉందండీ, కుదరదు." ఈ మాటకి భయపడి వెనక్కి వచ్చేసినవాళ్లు ఎంతమందో. ఆ తీర్పు 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇచ్చింది. దొడ్డిదారిన వచ్చినవాళ్లు ఎన్నేళ్లు పనిచేసినా పర్మినెంట్ హక్కుగా అడగలేరు అన్న మాట అందులో నిజంగానే ఉంది. కానీ అదే తీర్పు 53వ పేరాలో ఇంకో మాట కూడా ఉంది: మంజూరైన ఖాళీ పోస్టులో, తగిన అర్హతతో, కోర్టు స్టేల అండ లేకుండా పదేళ్లు పనిచేసినవాళ్ల నియామకంలో పద్ధతి లోపమే తప్ప అది చట్టవిరుద్ధం కాకపోతే, వాళ్లను ఒకసారి రెగ్యులర్ చేసే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలని. ఆ ఏర్పాటు సరిగా చేయని చోట అర్హులను వదిలేయకూడదని 2010లో ఎం.ఎల్. కేసరి కేసులో మళ్లీ చెప్పారు. 2024 డిసెంబరులో జగ్గో కేసు వచ్చింది, కేంద్ర జల సంఘం ఆఫీసులో ఊడ్చేవాళ్లు, తోటపని చేసేవాళ్లు వేసిన కేసు అది. ఏళ్ల తరబడి నిత్యం అవసరమయ్యే పని చేయించుకుని ఉమాదేవి తీర్పును వాళ్ల మీదే ఆయుధంగా వాడకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, ఔట్‌సోర్సింగ్‌ను అడ్డం పెట్టుకోవడాన్నీ తప్పుపట్టింది. 2025లో శ్రీపాల్, ధరమ్ సింగ్ కేసుల్లోనూ ఇదే దారిలో వెళ్లింది, డబ్బుల్లేవన్న ఒక్క సాకు సరిపోదని ధరమ్ సింగ్ కేసులో చెప్పింది. ఈ పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

అంటే మీరు నిరూపించాల్సినవి ప్రధానంగా మూడు: పోస్టు మంజూరైనదే, లేదా పని ఏడాది పొడవునా ఉండేదే. మీకు అర్హత ఉంది. మధ్యలో తెగకుండా చేశారు. ఇవన్నీ ఆఫీసు రికార్డులోనే ఉంటాయి కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, పైస్థాయి ఆఫీసుకు 10, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. "నా సర్వీసు వివరాలు ఇవ్వండి" అని రాస్తే గోడకి చెప్పినట్టే. ఇలా విడివిడిగా అడగండి: మా ఆఫీసులో ఈ హోదాలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటినుంచి, ఫలానా సంవత్సరం నుంచి నా పేరున్న హాజరు రిజిస్టరు, మస్టరు, జీతం బిల్లుల నకళ్లు, నన్ను రెగ్యులర్ చేయమని పై ఆఫీసుకు ఎప్పుడైనా ప్రతిపాదన పంపి ఉంటే దాని నకలు, ఇప్పుడు అది ఏ దశలో ఉంది. ఈ చివరి ప్రశ్న మాత్రం మర్చిపోకండి. ఈయన సేవలు అవసరం, ఖాళీ ఉంది అని ఆఫీసరే సంతకం పెట్టి పంపిన ఉత్తరం మా బాబాయి విషయంలో ఇలాగే బయటపడింది. అంతవరకూ ఆయనకే తెలియదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

ఆ కాగితాలు జతచేసి, మిమ్మల్ని నియమించే అధికారం ఉన్న ఆఫీసరుకు వినతిపత్రం రాయండి. చేరిన తేదీ, పోస్టు, అర్హత, పైన చెప్పిన తీర్పులు, అన్నీ అందులోనే ఉండాలి. ఒకరోజు, రెండురోజులు కావాలని బ్రేక్ చూపించి మళ్లీ తీసుకుని ఉంటే దాచకండి, తేదీలతో రాయండి. అలాగే రెగ్యులర్ చేసేలోపు కనీసం ఆ పోస్టు పేస్కేలులో మినిమమ్ ఇవ్వమని కూడా అడగండి, అదే పని చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకు అది దక్కాలని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్‌వార్డులో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం మంచిదే, కానీ ఆ అర్జీ నంబరు ఈ వినతిపత్రానికి బదులు కాదు.

జవాబు రాకపోయినా, వ్యతిరేకంగా వచ్చినా హైకోర్టే. రాష్ట్ర ఉద్యోగులకు ఇదివరకు ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు లేదు, నేరుగా నేలపాడులోని హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద హైకోర్టులో వేసే పిటిషన్) వేయాలి. చాలాసార్లు కోర్టు మొదట "వినతిపత్రం పరిశీలించి ఇన్ని వారాల్లో నిర్ణయం చెప్పండి" అని ఆదేశిస్తుంది. అది విని ఓడిపోయామని టెన్షన్ పడతారు, ఓడిపోలేదు. అప్పుడు వాళ్లు కారణాలు రాసి తిరస్కరిస్తే ఆ కారణాల మీద మళ్లీ రిట్ వేయొచ్చు, అందుకే వినతిపత్రం బలంగా ఉండాలన్నాను. రిటైర్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆలస్యమే మీకు అడ్డమవుతుంది. లాయరు ఫీజు భయమైతే, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఏజెన్సీ వాళ్లకు పోరాటం కష్టమే, తేలికని అబద్ధం చెప్పను. ఏజెన్సీలు మారినా మీ కుర్చీ మారలేదని, సెలవు ఇచ్చేది, పని చెప్పేది, మెమో ఇచ్చేది ఆఫీసరే అని చూపించే కాగితాలు ఇప్పటినుంచే పోగేయండి. వాట్సాప్‌లో వచ్చిన డ్యూటీ మెసేజీలు కూడా దాచండి.

ఇంకొకటి. లిస్టులో పేరు పెట్టిస్తామని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రెన్యువల్ అని చెప్పి ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి, కొత్త అగ్రిమెంటు ఇస్తే ఫోటో తీసుకున్నాకే సంతకం చేయండి. పాతవన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించి ఒకటి మీ ఇంట్లో, ఒకటి నమ్మకమైన చుట్టాల ఇంట్లో ఉంచండి. బాబాయి రెండో సెట్టు మా ఇంట్లోనే ఉంది.