శుక్రవారం క్లాసు, వారమంతా కంఠస్థం

నల్లగొండలో మేము కొన్ని కుటుంబాలం పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకుంటాం. శుక్రవారం పొద్దున మా చర్చి మందిరం హాల్లో అందరం కలుస్తాం. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా మూడు గుంపులు. నడిమి గుంపు, అంటే ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు, నా వంతు. మిర్యాలగూడ నుంచీ జడ్చర్ల నుంచీ తల్లులు ఫోన్ చేసి అడిగే మాట దాదాపు ఒకటే: "అక్కా, వారానికి ఒక్క పూటల గంత ఎట్ల నేర్పుతరు?" ఆ ఒక్క పూటలో నేర్పం, పరిచయం చేస్తాం. నేర్చుకునేది మిగతా ఆరు రోజులు, ఇంట్లో. ఈ సంగతి ముందే మనసుకు పట్టించుకున్న గుంపు నిలబడుతుంది. క్లాసే అంతా చేసిపెడుతుందని కూర్చుంటే దసరా నాటికే పిల్లలు వెనకబడతారు.

అందుకే మా దగ్గర పిల్లల్ని దింపి వెళ్లిపోయే పద్ధతి లేదు. అమ్మ, నాన్న, నానమ్మ, ఎవరో ఒకరు వెనక వరుసలో కూర్చోవాలి. ఏ రాగంలో పాడాం, ఏ మాటకు చెయ్యి ఎట్లా తిప్పాం అన్నది వాళ్లు కళ్లారా చూస్తేనే శనివారం ఇంట్లో అదే తీరున నడుస్తుంది. కూలికో కొలువుకో పోయేవాళ్లకు ఇది కష్టం. అట్లాంటి ఇంటి పిల్లల్ని ఇంకో తల్లి తన పిల్లలతో పాటు కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాడినవన్నీ ఫోన్లో రికార్డు చేసి సాయంత్రానికి పంపుతుంది. రికార్డు రెండు నిమిషాలు దాటొద్దు. దాటితే ఎవరూ రెండోసారి వినరు.

ఏడాదికి 24 వారాలు వేసుకోండి. జూన్ నడుమ మొదలుపెడితే దసరా లోపు 12 అవుతాయి. నవంబరు నడుమ మళ్లీ ఎత్తుకుంటే క్రిస్మస్, సంక్రాంతి వారాలు వదిలేసినా ఫిబ్రవరి ఆఖరుకు మిగతా 12 అయిపోతాయి. ఎండలు ముదిరాక రేకుల కప్పు కింద పిల్లల్ని కూర్చోబెట్టడం న్యాయం కాదు.

వారానికి ఆరు ముక్కలు చాలు. ప్రతి ముక్కా ఒక్క ఊపిరిలో చెప్పగలిగేంతే ఉండాలి: ఒక కంఠత వాక్యం (నోటికి నేర్చుకునే బైబిలు వచనం), చరిత్రలో ఒక తేదీ, భూగోళంలో ఒక వరుస, సైన్సులో ఒక సంగతి, ఒక ఎక్కం, వ్యాకరణంలో ఒక సూత్రం. విదేశాల్లో ఇట్లాంటి క్రైస్తవ గుంపులు కొన్ని లాటిన్ కూడా వల్లె వేయిస్తాయి. ఆ చోట మేము తెలుగు విభక్తులు పెట్టుకున్నాం. "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" దగ్గర మొదలై సంబోధనతో కలిపి ఎనిమిది, వారానికొకటి. ఇంగ్లీషు పుస్తకాలతోనే ఎక్కువ చదివే మా పిల్లలు వీటిని ఎంత ఇష్టంగా పాడతారో చూస్తే నాకు సంతోషం ఆగదు.

కంఠత వాక్యం విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి వాక్యాలు ఏరొద్దు, బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన మొత్తం తీసుకోండి. విడి వాక్యం గోడమీది క్యాలెండరులో ఉన్నట్టు ఉంటుంది గానీ, దాని ముందేముందో వెనకేముందో పిల్లలకు తెలియదు. మొదటి సగంలో 23వ కీర్తన, ఆరు వచనాలు. తర్వాత 100వ కీర్తన, అయిదు. పదకొండు వారాలకు పదకొండు వచనాలు, పన్నెండో వారం అన్నీ కలిపి అప్పజెప్పడమే. రెండో సగంలో 121వ కీర్తన ఎనిమిది వారాలు, ఆ తర్వాత 117. అది రెండే వచనాలు, బైబిల్లో అన్నిటికంటే చిన్న అధ్యాయం. ఆఖరి రెండు వారాలూ పాతవి తిరగేయడానికే. ఏ వారమైనా కొత్త వచనాన్ని విడిగా చెప్పించొద్దు, మొదటి వచనం నుంచి ఎత్తుకుని కొత్తదాంట్లోకి రావాలి. అప్పుడు మొదటివి వద్దన్నా గట్టిపడతాయి.

అనువాదం అందరికీ ఒక్కటే ఉండాలి. ఒకింట్లో పాత బైబిలు, ఇంకో ఇంట్లో కొత్త అనువాదం ఉంటే శుక్రవారం కలిసి చెప్పేటప్పుడు హాలంతా గజిబిజి అవుతుంది. మేము పాతదే పెట్టుకున్నాం. మాట కఠినమే, కానీ ఆదివారం మందిరంలో చదివేది అదే, నానమ్మలకు నోటికి వచ్చిందీ అదే. పిల్ల ఎక్కడన్నా ఆగితే వంటింట్లోంచి నానమ్మ అందుకుంటుంది. అయితే అర్థం చెప్పకుండా ఒక్క వచనం కూడా మొదలుపెట్టొద్దు. 121వ కీర్తన మొదలుపెట్టే రోజు పిల్లల్ని హాలు బయటికి తీసుకెళ్లి లతీఫ్‌సాబ్ గుట్ట వైపు నిలబెడతాను. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని తలెత్తి చెప్పిస్తాను. సహాయం గుట్ట నుంచి కాదు, గుట్టను చేసిన దేవుని దగ్గర నుంచి అని రెండో వచనం చెబుతుందని అక్కడే వివరిస్తాను. దానికి వేరే చేతి సైగ అక్కర్లేదు.

చరిత్ర తేదీలకు హాలు గోడ వెంబడి తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో చీటీలు తగిలిస్తాం. నడుమ క్రీస్తు జననం. ఎడమ చివర దావీదు, సుమారు క్రీ.పూ. 1000. క్రీ.పూ. 586 దగ్గర బబులోనువాళ్లు యెరూషలేమును కూల్చడం. కుడివైపు మన చరిత్ర. నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం 1289 నాటిది, రాణి రుద్రమదేవి మరణాన్ని చెప్పేది. 1323లో ఓరుగల్లు పతనం, 1591లో హైదరాబాదు కట్టడం, 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవడం, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడటం. బైబిలు చరిత్రకూ మన ఊళ్ల చరిత్రకూ వేరువేరు తాళ్లు కట్టొద్దు. ఒకే తాడుమీద ఉంటేనే అది నిజంగా జరిగిన చరిత్ర అని పిల్లలకు తెలుస్తుంది. తేదీలు తెలుగులోనే పలికించండి. "పదమూడు వందల ఇరవై మూడు" అన్నదాంట్లో దరువు ఉంది, నోట్లో నిలుస్తుంది.

భూగోళంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కృష్ణానది వరుస. కొంచెం వివరంగా చెబుతాను, మీరూ చేయండి. హాలు నేలమీద ముగ్గుపిండితో నదిని పొడుగ్గా గీస్తాం. పడమటి గోడ దగ్గర మహాబలేశ్వరం, తూర్పు గుమ్మం దగ్గర హంసలదీవి, బంగాళాఖాతం. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అని నలుగురు పిల్లలు నాలుగు చోట్ల నిలబడతారు. ఆనకట్టలకు ఏడు ఇటుకలు: ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజి. ఒక్కో పిల్ల నది వెంట నడుస్తూ ఇటుక దగ్గరికొచ్చినప్పుడు పేరు చెప్పి దాటాలి. చెప్పలేకపోతే నీళ్లు అక్కడే ఆగుతాయి, వెనకవాళ్లంతా కలిసి అందించాలి. మొదటి వారం ఏడూ చెప్పొద్దు, రాష్ట్రాలు మాత్రమే. రెండో వారం సాగర్ దాకా, మూడో వారం సముద్రం దాకా. నాలుగో వారం భీమ, తుంగభద్ర, మూసీ ఉపనదులుగా ముగ్గురు పిల్లలు పక్కల నుంచి పరుగెత్తుకొచ్చి కలుస్తారు. మూసీ ఎక్కడ కలుస్తుందో మావాళ్లు తప్పు చెప్పరు, వాడపల్లి చూసినవాళ్లు ఉన్నారు. సాగర్ ఇటుక దగ్గర మాత్రం ఇంకో వరుస కలుపుతాం: 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, కుడి కాలువ జవహర్, ఎడమ కాలువ లాల్ బహదూర్. ఎడమ కాలువ నీళ్లే మిర్యాలగూడ పొలాలకు పోయేవి. పిల్లలు తినే అన్నానికీ నోటితో చెప్పే పేరుకూ ముడి అక్కడ పడుతుంది. మహబూబ్‌నగర్ వైపు వాళ్లయితే జూరాల దగ్గర ఆగి ఇట్లాగే చేసుకోవచ్చు.

సైన్సుకు కూడా దూరం పోనక్కర్లేదు. బోరునీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే ఉంది, నల్గొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించింది. పిల్లలు చెప్పే వరుస ఇది: "పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి, కలుపు, గడ్డకట్టించు, తేర్చు, వడకట్టు." ఫ్లోరైడ్ కంటికి కనపడదు. అందుకని రెండు గాజుగ్లాసుల్లో మట్టినీళ్లు పోసి, ఒకదాంట్లో పటిక వేసి తేరడం మాత్రం చూపిస్తాం. గ్లాసు కదపకుండా పక్కన పెట్టి, ఆఖర్లో వచ్చి చూడమంటే పిల్లలు పరుగెత్తుతారు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పెద్ద గుంపుకే. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంగిపోయిన పెద్దలు మన జిల్లాలో ఎంతోమంది ఇళ్లలో ఉన్నారు, కాబట్టి ఈ పాఠం చెప్పేటప్పుడు గొంతు జాగ్రత్తగా, ప్రేమగా ఉండాలి.

ఎక్కాలు చప్పట్లతో, లేదా తాడాటతో. ఏడో ఎక్కం దాకా చిన్నవాళ్లకు, పదిహేను దాకా పెద్దవాళ్లకు.

రాగాల సంగతి ఒక మాట. ప్రతి వారం కొత్త రాగం కట్టకండి. చరిత్రకు ఒక రాగం, భూగోళానికి ఒకటి, ఏడాదంతా అవే. నాట్లేసే పాటల వరుసలు నాకు బాగా ఉపయోగపడ్డాయి, ఎందుకంటే ఒకరు చెప్పి పదిమంది అందుకునే కట్టు వాటిలోనే ఉంది. కంఠత వాక్యానికి మాత్రం రాగం పెట్టను. రాగంలో నేర్చుకుంటే మాటల మధ్య ఎక్కడ ఆగాలో రాగమే చెబుతుంది, అర్థం చెప్పదు.

ఇక క్లాసు నడిచే వరుస. ప్రార్థన, ఒక కీర్తన. ఆ వెంటనే గతవారం పాఠం, కొత్తది కాదు. పుస్తకం మూసి, పిల్లల నోటినుంచే రప్పించాలి. చూసి పదిసార్లు చదివినదానికంటే చూడకుండా ఒకసారి తడుముకుని చెప్పింది ఎక్కువ నిలుస్తుంది. తర్వాత కొత్త ఆరు ముక్కలు, ఒక్కోటి నాలుగైదుసార్లు, ప్రతిసారీ తీరు మార్చి: గుసగుసగా, గట్టిగా, ఒంటికాలిమీద, మగపిల్లలు సగం ఆడపిల్లలు సగం. ఆ పైన ఒక్కొక్కరు లేచి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏదైనా సరే, తాత దగ్గరి మేకపిల్ల గురించైనా, ఇంట్లో చేసిన సర్వపిండి గురించైనా. బెదిరే పిల్లలు మొదట్లో తల్లి పక్కన నిలబడి చెప్పొచ్చు. మాట తడబడే పిల్లలుంటే రాసి చూపించనివ్వండి, గుంపుతో కలిసి పాడనివ్వండి. ఒంటరిగా లేపి పరీక్ష పెట్టకండి.

ఇంటి సంగతికి బైబిల్లో ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలోనే దినచర్య ఉంది: ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. మేము దాన్ని అక్షరాలా పెట్టుకున్నాం. లేవగానే కంఠత వాక్యం ఒకసారి. పాలప్యాకెట్‌కో కూరగాయలకో నడిచేటప్పుడు ఎక్కం. రాత్రి అన్నానికి ముందు కూర్చుని ప్రశ్న-జవాబు చీటీలు. పడుకున్నాక దీపం ఆర్పి కీర్తన మొత్తం. చీటీలకు తప్ప మిగతావాటికి వేరే సమయం అక్కర్లేదు. శుక్రవారం రాత్రి మాత్రం ఏ కారణంతోనూ వదలొద్దు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తనమీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు, నేర్చుకున్నది ఎక్కువగా జారిపోయేది మొదటి రోజే.

చీటీలకు పెట్టె ఒకటి చేసుకోండి. జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చెప్పుల డబ్బాలో అట్టముక్కలతో మూడు అరలు చేయండి. ముందు అర రోజూ చూసేది, నడిమిది మంగళవారం, గురువారం, వెనకది గురువారం ఒక్కసారి. చూడకుండా చెప్పగలిగిన చీటీ ఒక అర వెనక్కి పోతుంది. చెప్పలేనిది ఏ అరలో ఉన్నా మళ్లీ మొదటికి వస్తుంది. పాత పెళ్లి పత్రికల వెనకవైపు కోసుకుంటే మందపాటి చీటీలు ఊరికే వస్తాయి. పిల్లలతోనే రాయించండి, ముందు ప్రశ్న, వెనక జవాబు. చీటీని మొదటి అరకు తెచ్చేటప్పుడు తిట్టొద్దు, నిట్టూర్చొద్దు. పెట్టె పని చేసేదే అట్లా.

బహుమతులు పెట్టమని కొందరు తండ్రులు అడుగుతారు. ఒకరికొకరికి పోటీ పెట్టే బహుమతి నేను ఇవ్వను. ఫిబ్రవరి చివర ప్రతి పిల్లా తనకు వచ్చినదంతా సంఘ పెద్దల ముందు అప్పజెబుతుంది. ఎవరికెంత వస్తే అంత, అందరికీ ఒకటే భోజనం.

పెద్దపిల్లల తల్లులు పదో తరగతి గురించి అడుగుతారు. 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయించవచ్చు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. కంఠస్థం దానికి బదులు కాదు. పన్నెండేళ్లు దాటినవాళ్లు ఈ నేర్చినవాటిమీదే ఎందుకు, ఎట్లా అని రాయడం మొదలుపెట్టాలి.

ఒక వారం జ్వరమో పెళ్లో అడ్డమొచ్చి క్లాసు తప్పితే, తర్వాతి వారం రెండు వారాలవీ కలిపి ఎక్కించకండి. తప్పిన వారంలోంచి కంఠత వాక్యం, ఎక్కం మాత్రం పట్టుకోండి. మిగతా నాలుగూ చీటీలుగా రాసి పెట్టెలో ముందు అరలో వేయండి. మూడు నాలుగు వారాల్లో అవే కలిసిపోతాయి.