దేవుని చిత్తం తెలుసుకోవడం – 3వ పాఠం: గుర్తు అడగాలా, వివరం అడగాలా?

పోయిన పాఠంలో నిర్ణయాలను రెండు కుప్పలు చేశాం. అబద్ధం, దొంగతనం, పరీక్షలో చూసి రాయడం లాంటివి ఒక కుప్ప. వాటి సంగతి వాక్యం ఎప్పుడో తేల్చేసింది కాబట్టి మోకాళ్లమీద ప్రార్థిస్తూ జవాబు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. వాక్యం పేరు పెట్టి చెప్పనివి రెండో కుప్ప. అందులోంచి ఈ వారం ఒక్కటే తీసుకుందాం: పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు?

పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి యూత్ మీటింగుల్లో ఎక్కువగా వినిపించే ప్రార్థన మనవి ఇదే. ఎంపీసీ, బైపీసీ అని రెండు చీటీలు రాసి, బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీసేవాళ్లున్నారు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనమే జవాబనుకునేవాళ్లున్నారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వచ్చిన వాగ్దానం కార్డును గ్రూపుకు అన్వయించుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్ల భక్తి నిజమైనదే. దేవుడికి ఇష్టంలేని దారిలో అడుగుపెడతామేమోనన్న భయం మంచి భయమే. కానీ ఇలా తేల్చుకోవడం అలవాటైతే, దేవుడు మీకిచ్చిన ఆలోచనాశక్తి వాడకం లేకుండా పడి ఉంటుంది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

గుర్తు అడగడానికి అందరూ చూపించే మాదిరి ఇశ్రాయేలు న్యాయాధిపతి గిద్యోను. న్యాయాధిపతులు 6వ అధ్యాయం తెరిచి, 36వ వచనం నుంచి కాకుండా 14 నుంచి చదవండి. వెళ్లి ఇశ్రాయేలీయులను రక్షించమని దేవుడు అతనికి అక్కడే స్పష్టంగా చెప్పేశాడు. మంచు దీనిమీదే పడి నేల పొడిగా ఉంటే అదే గుర్తని కళ్లంలో గొర్రెబొచ్చు పరిచేటప్పుడు గిద్యోను కూడా ‘నీవు సెలవిచ్చినట్లు’ అనే మొదలుపెడతాడు. ఏం చేయాలో తెలియక అడిగిన గుర్తు కాదది, తెలిసీ ధైర్యం చాలక అడిగింది. దేవుడు కోపపడకుండా అతని బలహీనతను భరించాడు. అది దేవుని దయకు సాక్ష్యం. మనం నేర్చుకోవాల్సిన పద్ధతిగా మాత్రం ఆ అధ్యాయం దాన్ని చూపించడం లేదు.

‘యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లు వేసే కదా ఎన్నుకున్నారు?’ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో చీట్లు వేయకముందు ఏం జరిగిందో చూడండి. యోహాను బాప్తిస్మం మొదలుకొని ప్రభువుతో ఉన్నవాడై ఉండాలని ముందు అర్హత పెట్టారు. దానికి సరిపోయిన ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు. చీట్లు వేసింది ఆ తర్వాతే. పైగా 2వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక, సంఘం చీట్లు వేసి నిర్ణయం తీసుకున్నట్టు కొత్త నిబంధనలో ఎక్కడా కనపడదు. 15వ అధ్యాయంలో విశ్వసించిన అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, సున్నతి పొందాలా అని పెద్ద చిక్కు వచ్చినప్పుడు యెరూషలేములో కూర్చుని వాదించుకున్నారు, పేతురు మాట, పౌలు బర్నబాల అనుభవం విన్నారు, యాకోబు లేఖనం ఎత్తి చూపాడు. అంతా అయ్యాక, ఇది పరిశుద్ధాత్మకూ మాకూ తోచింది అని రాసి పంపారు.

ఇక ఈ పాఠానికి అసలు గురువు నెహెమ్యా, పర్షియా రాజుకు ద్రాక్షారసం అందించే యూదుడు. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు కిస్లేవు నెలలో విన్నాడు. రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఆ రోజుల్లో ఉపవాసముండి ప్రార్థించాడని 1వ అధ్యాయం చెబుతుంది. మరి ఇంకేం చేశాడు? 2వ అధ్యాయంలో అర్తహషస్త రాజు ‘ఎన్నాళ్లు పడుతుంది?’ అని అడగ్గానే గడువు చెప్పాడు. యూఫ్రటీసు నది అవతలి అధికారులకు తాకీదులు కావాలన్నాడు. కలప ఇవ్వాల్సిన అడవి అధికారి పేరు ఆసాపు అని కూడా ముందే తెలుసుకుని ఉన్నాడు. యెరూషలేము చేరాక మూడు రోజులాగి, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి గోడ ఎక్కడెక్కడ పడిపోయిందో స్వయంగా చూశాడు. అప్పుడుగానీ కట్టుదాం రండి అనలేదు. వివరం కనుక్కోవడం అవిశ్వాసమని అతనికి తోచనే లేదు. అదే పనిగా ప్రార్థించినవాడికే ఇంత వివరం పట్టింది.

ఇదే పని గ్రూపు విషయంలో చేసి చూద్దాం. ఒక అమ్మాయికి నర్సు కావాలని ఉంది. బాబాయిగారి అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది కాబట్టి ఎంపీసీ తీసుకోమంటున్నారు ఇంట్లో. ‘ప్రభువా, ఏది నీ చిత్తం?’ అన్న ఒక్క ప్రశ్నను ఆ అమ్మాయి చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టాలి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, దానికి ఇంటర్లో జీవశాస్త్రం తప్పనిసరి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. అంటే ఎంపీసీలో చేరితే బీఎస్సీ నర్సింగ్ దారి చాలావరకు మూసుకుపోయినట్టే. ఈ సంగతి దర్శనంలో తెలియాల్సినది కాదు, కాలేజీలో అడిగితే చెబుతారు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా? రాత్రి డ్యూటీలు పడితే ఒళ్లు తట్టుకుంటుందా? మన సంఘాల్లో నర్సుగా చేసే ఆంటీ ఒకరు ఉండనే ఉంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ పక్కన అరగంట కూర్చుంటే చాలు.

ఇంకో ప్రశ్న చాలామంది చేరాక గానీ అడగరు. హాస్టల్ ఉన్న కాలేజీ అయితే ఆదివారం సంగతేమిటి? కొన్నిచోట్ల ఆదివారమూ పరీక్షలూ స్టడీ అవర్లూ పెడతారు. ఆరాధనకు పంపుతారా, నెలకు ఎన్నిసార్లు బయటికి వదులుతారు అన్నది ఫీజు కట్టకముందే నాన్నగారి చేత అడిగించండి. రెండేళ్లు సహవాసం లేకుండా గడపడమంటే ఏమిటో, హాస్టల్లో ఉండి వచ్చిన అన్నయ్యలను అడిగితే చెబుతారు.

అన్నీ కనుక్కున్నాక కూడా అనుకున్న సీటు రాకపోవచ్చు. వెంటనే ‘దేవుడు తలుపు మూసేశాడు’ అనేయకండి. డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదువుకుని 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చారు. కానీ మిషన్ మొదట ఆమెకిచ్చిన పని వైద్యం కాదు, స్త్రీల మధ్య బోధన. ఆ పని చేస్తూనే రోగులనూ చూశారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. మొదటి ఏడాది జవాబును చూసి వెనక్కి వెళ్లిపోయి ఉంటే గుంటూరులో ఆ ఆసుపత్రి ఉండేది కాదు.

ఈ వారం అభ్యాసం. నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని, మీ నిర్ణయాన్ని పైన ఒక వాక్యంలో రాయండి. దాని కింద, మనుషుల్ని అడిగితే జవాబు దొరికే ప్రశ్నలు కనీసం అయిదు రాయండి. ఒక్కో ప్రశ్న పక్కన ఎవరిని అడగాలో పేరు పెట్టండి. అందులో ఒకరు ఆ చదువు చదివినవాళ్లు, ఒకరు మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు, ఒకరు మీ ఇష్టానికి ఎదురుచెప్పే ధైర్యం ఉన్నవాళ్లు అయి ఉండాలి. సొలొమోను కొడుకు రెహబాము రాజు పడిపోయింది ఈ మూడో రకం మనుషులను పక్కన పెట్టినందుకే (1 రాజులు 12). రోజూ ఆ పేజీని తెరిచిపెట్టుకుని, యాకోబు 1:5 చదివి, జ్ఞానం కోసం అడగండి. జవాబులు వచ్చినకొద్దీ తేదీ వేసి రాస్తూ వెళ్లండి.

పేజీని దాచుకోండి. నాన్నగారు ఒక గ్రూపు, మీరు ఇంకో గ్రూపు అన్నప్పుడు ఎలా మాట్లాడాలన్నది నాలుగో పాఠం. అందులో ఆ పేజీతోనే పని మొదలుపెడతాం.