లాటిస్ క్రిప్టోగ్రఫీలో పరిశోధన: ముందు ఛేదించడం నేర్చుకోండి

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఎమ్మెస్సీ గణితమో ఎంటెక్ కంప్యూటర్ సైన్సో పూర్తిచేసి పీహెచ్‌డీకి సిద్ధమవుతున్న విద్యార్థులు లాటిస్ క్రిప్టోగ్రఫీలో (క్రమమైన చుక్కల అమరికల మీది కష్టమైన లెక్కలతో రహస్యాలను కాపాడే శాస్త్రంలో) ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడుగుతుంటారు. వారిలో చాలామంది కొత్త గుప్తీకరణ పద్ధతి ఒకటి తయారుచేయాలనే కోరికతో వస్తారు. మొదటి ఆరు నెలలు కొత్తగా ఏదీ తయారుచేయవద్దనీ, ఉన్న పద్ధతులను చిన్న పరిమాణంలో ఛేదించడం నేర్చుకొమ్మనీ నేను చెబుతాను. ఒక సమస్య ఎందుకు కష్టమో చేతితో తెలుసుకోనివారు దాని మీద భద్రతను నిలబెట్టలేరు.

పెద్ద క్వాంటం కంప్యూటరంటూ వస్తే, ఇంటర్నెట్ భద్రతకు విరివిగా వాడే ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ పద్ధతులు రెండూ కూలుతాయని పీటర్ షోర్ 1994లోనే నిరూపించారు. వాటి స్థానంలోకి వచ్చే పద్ధతుల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో ప్రతిపాదనలు పిలిచి, 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలు ప్రకటించింది. వాటిలో రెండు లాటిస్‌ల మీద నిలిచినవే: తాళంచెవి మార్పిడికి కైబర్ నుంచి వచ్చిన ఎంఎల్-కెమ్, డిజిటల్ సంతకానికి డైలిథియం నుంచి వచ్చిన ఎంఎల్-డీఎస్‌ఏ.

లాటిస్‌ను మన పాఠ్యపుస్తకాలు జాలకం అంటాయి. సంక్రాంతికి వాకిట్లో పెట్టే చుక్కల ముగ్గు దానికి నేను చూసినంతలో అన్నిటికన్నా సరైన ఉదాహరణ. ఒక చుక్క నుంచి రెండు దిశల్లో వేసే రెండు అడుగులు తెలిస్తే, వాటిని పూర్ణసంఖ్యల మేరకు కలుపుతూ, తీసివేస్తూ మిగతా చుక్కలన్నీ పెట్టవచ్చు. ఆ రెండు అడుగులే ఆధార సదిశలు. అవే చుక్కలను పొట్టి అడుగులతోనూ పెట్టవచ్చు, దాదాపు ఒకే దిశలో సాగే పొడవాటి అడుగులతోనూ పెట్టవచ్చు. పొడవాటి అడుగులు మాత్రమే చేతికిచ్చి, పొట్టివాటిని కనుక్కోమనడమే ఈ శాస్త్రమంతటికీ మూలమైన సమస్య.

ఒక గళ్ల కాగితం తీసుకుని (3, 26), (1, 11) అనే రెండు సదిశలతో మొదలుపెట్టండి. పొడవైనదానిలోంచి పొట్టిదాన్ని ఎన్నిసార్లు తీసివేస్తే మిగిలేది అతి పొట్టిగా ఉంటుందో చూసి, అన్నిసార్లు తీసివేయడమే పద్ధతి. మొదటిదానిలోంచి రెండోదాన్ని రెండుసార్లు తీసివేస్తే (1, 4) వస్తుంది. (1, 11)లోంచి దీన్ని మూడుసార్లు తీసివేస్తే (-2, -1) వస్తుంది. ఈ రెండింటినీ ఒకసారి కూడితే (-1, 3) వస్తుంది. అక్కడి నుంచి ఇక తగ్గదు. ఇరవై ఆరుకు పైగా పొడవున్న సదిశతో మొదలై మూడు మెట్లలో రెండున్నర కూడా లేని సదిశకు చేరుకున్నాం, అయినా మొదటి జతకూ చివరి జతకూ నిర్ధారకం (ఆ రెండు సదిశలు ఏర్పరచే సమాంతర చతుర్భుజపు వైశాల్యం) ఏడే. జమ్మికుంట నుంచి రోజూ రైల్లో కాజీపేటకు వచ్చే ఒక విద్యార్థిని ఇలాంటి లెక్కలు నలభై దాకా ప్రయాణంలోనే నోట్‌బుక్కులో చేసింది. ఆ తర్వాత ఎల్‌ఎల్‌ఎల్ విధానం ఆమెకు ఒక్క పూటలో అర్థమైంది. 1982లో లెన్‌స్ట్రా సోదరులు, లోవాస్ కలిసి ప్రచురించిన ఆ విధానం ఇదే తగ్గింపును అనేక పరిమాణాలకు (డైమెన్షన్లకు) విస్తరించింది.

రెండో లెక్క ఎల్‌డబ్ల్యూఈ (లెర్నింగ్ విత్ ఎర్రర్స్) సమస్యది: చిన్న దోషాలు కలిపిన సమీకరణాల నుంచి రహస్య సంఖ్యలను కనుక్కోవడం. అంతా 17తో భాగించగా మిగిలే శేషాలతోనే లెక్కించండి. రహస్య సంఖ్యలు 3, 5 అనుకుందాం. మొదటి సమీకరణంలో గుణకాలు 4, 7 అయితే విలువ 13. రెండోదానిలో 11, 2 అయితే విలువ 9. ఈ రెండు సమీకరణాలను బడిలో నేర్పినట్టు సాధిస్తే 3, 5 వెంటనే బయటపడతాయి. ఇప్పుడు మొదటి విలువకు ఒకటి కలిపి 14 చేయండి, రెండోదానిలోంచి ఒకటి తీసి 8 చేసి మళ్లీ సాధించండి. జవాబు 11, 3 అని వస్తుంది, అసలు రహస్యానికి ఏ సంబంధమూ లేకుండా. ఒక్క అంకె తేడా ఎంత పని చేసిందో కాగితం మీద కళ్లారా చూడండి. ఎంఎల్-కెమ్-768లో రహస్యం 768 సంఖ్యలు, భాజకం 3329, కలిపే దోషాలు -2 నుంచి 2 లోపలివే.

ఇవి చేతికి వచ్చాక చదువు మొదలుపెట్టండి. సగటు ఉదాహరణను ఛేదించడం అతి కఠినమైన ఉదాహరణను ఛేదించినంత కష్టమని మొదట చూపిన అయ్‌టాయ్ 1996 ఫలితం, ఎల్‌డబ్ల్యూఈని ప్రవేశపెట్టిన రెగెవ్ 2005 వ్యాసం, దాన్ని బహుపదుల వలయాలకు మార్చిన 2010 నాటి రింగ్-ఎల్‌డబ్ల్యూఈ వ్యాసం, ఈ మూడింటినీ ఈ వరుసలోనే చదవాలి. రెగెవ్ వ్యాసంలో క్వాంటం భాగం మొదటిసారికి మింగుడుపడదు. దాన్ని ప్రస్తుతానికి నమ్మి ముందుకు సాగి, సంవత్సరం తర్వాత తిరిగి రండి.

మొదటి ప్రయోగానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. గణిత సాఫ్ట్‌వేర్ సేజ్‌మ్యాత్, లాటిస్ తగ్గింపు చేసే ఎఫ్‌పీఎల్‌ఎల్‌ఎల్ రెండూ ఉచితమే. 40 నుంచి 100 పరిమాణం వరకు యాదృచ్ఛిక లాటిస్‌లు తయారుచేసి, వాటి మీద ఎల్‌ఎల్‌ఎల్ నడిపి, దొరికిన మొదటి సదిశ పొడవును నిర్ధారకపు n-వ మూలంతో (n అంటే పరిమాణం) పోల్చండి. సిద్ధాంతం హామీ ఇచ్చే గుణకం పరిమాణం ఒక్కింటికి సుమారు 1.075 కాగా, పెద్ద పరిమాణాల్లో ఆచరణలో వచ్చేది 1.02 దగ్గర ఉంటుంది. ఈ అంతరాన్ని మీ సొంత గ్రాఫులో చూసిన రోజున, భద్రతా అంచనాలు నిరూపణల కంటే ప్రయోగాల మీద ఎంతగా ఆధారపడతాయో తెలుస్తుంది. ప్రతి ప్రయోగానికీ యాదృచ్ఛిక బీజాన్నీ (అవే యాదృచ్ఛిక సంఖ్యలు మళ్లీ రప్పించే తొలి సంఖ్య, సీడ్), సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నూ తప్పక రాసిపెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా, ఆరు నెలల తర్వాత సమీక్షకులు అడిగినా మీకు దిక్కు ఆ రెండే. ఆ తర్వాత దాడులకు ఎంత ఖర్చవుతుందో అంచనా వేసే లాటిస్ ఎస్టిమేటర్ అనే సాధనంలో కైబర్ పరామితులు (పారామీటర్లు) ఇచ్చి, అది చెప్పే ప్రతి సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతకండి.

పెద్ద ప్రకటన ఏదైనా వెలువడినప్పుడు తొందరపడవద్దు. 2024 ఏప్రిల్‌లో యిలేయి చెన్, ఎల్‌డబ్ల్యూఈని కొన్ని పరామితులకు ఛేదించే క్వాంటం విధానాన్ని ప్రకటించినప్పుడు ఈ రంగమంతా ఉలిక్కిపడింది. దాదాపు వారంలోనే ఇద్దరు పరిశోధకులు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, తొమ్మిదో మెట్టులో దోషాన్ని పట్టారు. చెన్ దాన్ని ఒప్పుకుని వ్యాసం మీదనే ఆ మాట రాశారు. ఆ వ్యాసాన్ని తొమ్మిదో మెట్టు దాకా మీరే చదివి, దోషాన్ని మీ మాటల్లో రాయగలిగితే, అది ఏ కోర్సుకూ తీసిపోని శిక్షణ.

అంశం ఎంచుకునేటప్పుడు మన వనరులు చూసుకోవాలి. పెద్ద పరిమాణాల్లో రికార్డులు సాధించడానికి కంప్యూటర్ల వరుసలు కావాలి. అమలులోని లోపాలను పట్టడానికి మాత్రం కార్టెక్స్-ఎం4 అనే చిన్న ప్రాసెసర్ ఉన్న బోర్డు ఒకటి, ఓపిక చాలు. కైబర్ కోడ్‌లో రహస్య విలువను 3329తో భాగించే చోట పట్టే సమయమే రహస్యాన్ని బయటపెట్టగలదని కైబర్‌స్లాష్ పేరుతో 2023 చివర్లో తేలింది. అలాంటి కోడ్ పంక్తి ఇంకెక్కడ ఉందో వెతకడం వరంగల్‌లో కూర్చుని చేయగల పనే. ఏదైనా దొరికితే ముందుగా ఆ కోడ్ నిర్వాహకులకు రహస్యంగా తెలియజేసి, వారు సరిచేసుకునేందుకు గడువిచ్చి, అప్పుడే క్రిప్టోగ్రఫీ పరిశోధకులు వ్యాసాలు ఉంచే ఐఏసీఆర్ ఈప్రింట్‌లో పెట్టండి. గైడ్ దగ్గరికి వెళ్లే ముందు ఒక పేజీ రాసుకోండి: ఏ పరామితులపై ఏ దాడి నడిపారు, ఎంత సమయం పట్టింది, మీ అంచనాకూ ఫలితానికీ ఎక్కడ తేడా వచ్చింది. ఆ తేడా దగ్గరే సంభాషణ మొదలుపెట్టండి.