అప్రెంటిస్‌గా చేరి బీటెక్ పట్టా దాకా: దరఖాస్తు ఎక్కడ, ఏ వరసలో

హన్మకొండలో పాలిటెక్నిక్ పిల్లలు కనబడితే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కంపెనీల అప్రెంటిస్ చేస్తే బీటెక్ పట్టా గూడ వస్తదంట గదా, ఫారం ఏడ దొరుకుతది?" రాదు తమ్ముడూ. అప్రెంటిస్ పూర్తి చేస్తే వచ్చేది ప్రావీణ్య ధ్రువపత్రం. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. అయితే ఈ రెండింటినీ సరైన వరసలో పెట్టుకుంటే, ఇంట్లోవాళ్ల మీద పెద్దగా భారం వేయకుండా ఇంజినీరింగ్ దాకా పోయే దారి ఉంది. దానికి ఒక ఫారం సరిపోదు, కనీసం రెండు దరఖాస్తులు కావాలి. వరస తప్పితే ఏడాది పోతుంది.

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయాలి. తర్వాత ఏడాది అప్రెంటిస్. ఆ తర్వాత ఉద్యోగం దొరికి ఏడాది చేస్తే, ఉద్యోగులకోసమే నడిపే బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. దొరక్కపోతే డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి రెగ్యులర్ బీటెక్‌లో, అది కూడా రెండో సంవత్సరంలోనే. డిప్లొమా చేతికి రాగానే ఈసెట్‌కు పోయేవాళ్లు బీటెక్ అయ్యాక గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరవచ్చు. రెగ్యులర్ బీటెక్, అప్రెంటిస్ మాత్రం ఒకేసారి నడవవు. అప్రెంటిస్ అంటే పొద్దున షిఫ్టుకు పోయి సాయంత్రం వచ్చే పని.

డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే పోర్టల్ దోస్త్‌లో కొన్ని కోర్సులకు అప్రెంటిస్‌షిప్ జోడించి ఉండటం చూసి కొందరు పొరబడుతున్నారు. కోర్సులోనే శిక్షణ కలిపిన డిగ్రీలకు యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో కొత్తవి తెచ్చింది. మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు కంపెనీలో గడపవచ్చు. మంచి పథకమే. కానీ దోస్త్‌లో దొరికేది బీటెక్ కాదు.

మొదటి దరఖాస్తు: నాట్స్

ఎక్కువమంది తప్పు గుమ్మం తట్టేది ఇక్కడే. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లను 1973 సవరణతో అందులోకి తెచ్చారు. ఇవాళ ఐటీఐ వాళ్లకు ఒక పోర్టల్, డిప్లొమా, బీటెక్ వాళ్లకు ఇంకో పోర్టల్ ఉన్నాయి. ఐటీఐ వాళ్లది 'అప్రెంటిస్‌షిప్ ఇండియా', నైపుణ్యాభివృద్ధి శాఖ చూసుకుంటుంది. డిప్లొమా, బీటెక్ వాళ్లది 'నాట్స్', కేంద్ర విద్యాశాఖ కిందిది. తెలంగాణ వ్యవహారం చెన్నై తరమణిలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్ శిక్షణ బోర్డు చేతిలో ఉంటుంది. దాన్నే అందరూ 'బోట్' అంటారు. పోర్టల్ చిరునామా నాట్స్ డాట్ ఎడ్యుకేషన్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే ఆ పేజీ మూసేయండి. రిజిస్ట్రేషన్‌కు పైసా ఫీజు లేదు.

డిప్లొమా లేదా బీటెక్ పూర్తయి సాధారణంగా ఐదేళ్లు దాటకూడదు. ఇంతకుముందు ఇదే చట్టం కింద అప్రెంటిస్ చేసి ఉండకూడదు, ఏడాది లేదా అంతకు మించిన ఉద్యోగ అనుభవం ఉండకూడదు. అందుకే ముందు ఎక్కడో ఉద్యోగం చేసి తర్వాత అప్రెంటిస్ చూద్దామంటే కుదరదు.

ఫారం తెరిచే ముందే సర్దుకోవాల్సిన కాగితాలు: ఆధార్, పదో తరగతి మెమో, డిప్లొమా వాళ్లయితే మార్కుల మెమోలు, బీటెక్ వాళ్లయితే పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ఫొటో, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. వీటికంటే ముందు చూసుకోవాల్సింది పేరు. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. లేదంటే ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పోర్టల్ ఆధార్‌తో సరిచూస్తుంది, కంపెనీవాళ్లు మెమోతో సరిచూస్తారు. రెండూ కలవకపోతే మధ్యలో నలిగేది మీరే. ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించుకోవడమే తేలిక. మెమో దిద్దించడం అంటే బోర్డు ఆఫీసు చుట్టూ తిరగడం. ఆధార్‌కు మొబైల్ నంబరు కలిపి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది.

రెండోది బ్యాంకు ఖాతా. స్టైపెండ్‌లో ప్రభుత్వం వాటా నేరుగా మీ ఖాతాకే వస్తుంది, అదీ ఆధార్ దారిలో. అంటే ఫారంలో మీరు రాసిన ఖాతాకు కాకుండా, ఆధార్‌తో చివరిసారి అనుసంధానమైన ఖాతాకు పోతుంది. స్కాలర్‌షిప్ కోసం ఇంటర్లోనో డిప్లొమాలోనో తెరిచి వదిలేసిన ఖాతా ఒకటి చాలామందికి ఉంటుంది. డబ్బు అందులో పడి, ఆ ఖాతా నిద్రపోయి ఉంటే చిక్కే. ఆధార్ వెబ్‌సైట్లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కితే ఏ బ్యాంకు పేరు ఉందో చూపిస్తుంది. రెండు నిమిషాల పని.

పోర్టల్లో 'స్టూడెంట్' దగ్గర రిజిస్టర్ నొక్కితే ముందు అర్హత ప్రశ్నలు అడుగుతుంది, తర్వాత వివరాలు, చదువు, శిక్షణ ఎక్కడ కావాలన్నది. అంతా అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది. ఆ నంబరును పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఈమెయిల్ మాత్రం మీదే ఇవ్వాలి. మా తమ్ముడి ఫారం నింపిన నెట్ సెంటర్ కుర్రాడు తొందరలో తన మెయిల్ పెట్టేశాడు. కంపెనీ పంపిన ఆఫర్ అతని ఇన్‌బాక్సులో పడి ఉంది, మాకు తెలిసేసరికి గడువు దాటింది. గొడవ పడ్డాం గానీ ఏం లాభం?

నంబరు వస్తే సీటు వచ్చినట్టు కాదు. అసలు దరఖాస్తు ఆ తర్వాతే. పోర్టల్లో సంస్థలు పెట్టిన ఖాళీలు వెతికి ఒక్కోదానికి విడిగా అప్లై చేయాలి. ఉత్తర తెలంగాణలో కన్నేసి ఉంచాల్సినవి సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, అక్కడి ఎరువుల కర్మాగారం, భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కేటీపీపీ విద్యుత్ కేంద్రం, హన్మకొండలో హెడ్డాఫీసు ఉన్న కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్. అన్నీ ప్రతి ఏడాదీ అన్ని బ్రాంచీలకూ పిలవవు. సింగరేణి లాంటి సంస్థలు నాట్స్ నంబరు తీసుకున్నాక తమ సొంత వెబ్‌సైట్లో మళ్లీ దరఖాస్తు పెట్టమంటాయి. నోటిఫికేషన్ చివరి పేజీ దాకా చదవండి, కాగితాలు ఏ ఆఫీసులో ఇవ్వాలో అక్కడే రాసి ఉంటుంది.

పెద్ద సంస్థలకోసమే ఎదురుచూడటం నాకు నచ్చదు. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న చిన్న సంస్థలు ఇష్టముంటే తీసుకోవచ్చు. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులోనో, ఊళ్లో పేరున్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులోనో మీకు పరిచయం ఉంటే, సంస్థను నాట్స్‌లో రిజిస్టర్ చేసుకోమని మీరే అడగవచ్చు. కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వమే భరిస్తుందంటే చాలామంది యజమానులు చెవి ఒగ్గుతారు.

స్టైపెండ్ లెక్క ఇదీ. 2019 నిబంధనల్లో కనీసం ఇవ్వాల్సింది గ్రాడ్యుయేట్‌కు నెలకు 9,000 రూపాయలు, డిప్లొమాకు 8,000. ఈ కనీస మొత్తంలో సగం కేంద్రానిది. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫారసు చేసింది. మీకు వర్తించే అంకె మీ కాంట్రాక్టులో ఉంటుంది, అదే చూసుకోండి. కంపెనీ వాటా ఒకసారి, ప్రభుత్వ వాటా ఇంకోసారి పడతాయి. మొదటి నెల సగమే చూసి కంగారు పడకండి. కంపెనీ మీ నెలవారీ హాజరు పోర్టల్లో ఎక్కిస్తేనే రెండో సగం కదులుతుంది. కాబట్టి హెచ్ఆర్‌లో ఆ పని ఎవరు చూస్తారో మొదటివారమే తెలుసుకోండి.

ఎంపికయ్యాక కాంట్రాక్టు మీ లాగిన్‌లోకి వస్తుంది. చదివి ఒప్పుకుంటేనే బోర్డు దగ్గరకు పోతుంది. "ముందు పనిలో చేరు, కాంట్రాక్టు తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి. కాంట్రాక్టు లేని రోజులు శిక్షణ కింద లెక్కకు రావు, చివర్లో ధ్రువపత్రమూ రాదు. ఇంకోమాట. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందే మనిషి. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత సంస్థకు లేదు. "పర్మినెంట్ చేయిస్తా" అని డబ్బడిగే మధ్యవర్తి ఎవరైనా సరే, అతని మాట నమ్మకండి.

రెండో దరఖాస్తు: బీటెక్

ఈసెట్ దారి తెలిసిందే. డిప్లొమాలో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం మార్కులు ఉండాలి. పరీక్ష మూడు గంటలు, 200 మార్కులు. అందులో 100 మీ బ్రాంచి సబ్జెక్టుకే, 50 గణితానికి, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 25. అప్రెంటిస్ చేసే ఏడాది గణితం పక్కనపడితే మళ్లీ పట్టుకోవడం కష్టం. రాత్రి ఒక గంటైనా పుస్తకం తీయండి.

ఉద్యోగుల బీటెక్‌కు, సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2023-24 నుంచి కాలేజీలకు అనుమతులిస్తోంది. క్లాసులు సాయంత్రాలు, సెలవురోజుల్లో పెట్టుకోవచ్చు. డిప్లొమా, కనీసం ఏడాది పూర్తికాలపు ఉద్యోగ అనుభవం కావాలి. కాలేజీకి మీ పనిచోటుకు మధ్య దూరానికీ పరిమితి ఉంది. భూపాలపల్లిలోనో మంచిర్యాలలోనో పనిచేసేవాళ్లకు ఇదే పెద్ద అడ్డంకి. ఫీజు కట్టేముందే ఆ ఏడాది నోటిఫికేషన్లో దూరం చూసుకోండి. అప్రెంటిస్ ఏడాదిని ఈ అనుభవంలో కలుపుకోవచ్చని లెక్క వేసుకోవద్దు, చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదని ఇందాక చెప్పుకున్నాం.

దరఖాస్తుకు కావాల్సినవి డిప్లొమా మెమోలు, అనుభవ ధ్రువపత్రం, యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం, జీతం స్లిప్పులు. ఆఖరిది లేదంటే చాలాచోట్ల వెనక్కి పంపుతారు.

దూరవిద్యలో బీటెక్ అంటూ వచ్చే ఫోన్లకు మాత్రం సమాధానం చెప్పకండి. డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఏం చెప్పిందో ఆ బాధితులను అడిగితే తెలుస్తుంది. మా నాన్నల కాలంలో పనిచేస్తూ ఏఎంఐఈ (ఇంజినీర్ల సంస్థ పెట్టే పరీక్షలు) రాసినవాళ్లు ఎంతోమంది. ఆ దారి కూడా 2013 మే 31 లోపు నమోదైన వాళ్లకే పట్టాతో సమానం, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు కాదు.

కాలేజీకి పోయినప్పుడు ఈ ఏడాది ఏఐసీటీఈ అనుమతి పత్రం చూపించమనండి. అందులో మీ బ్రాంచి ఎదురుగా ఉద్యోగుల బ్యాచ్ అని, సీట్ల సంఖ్యతో సహా ఉండాలి. యూనివర్సిటీ అనుబంధం కూడా ఆ బ్యాచ్‌కు ఉందో లేదో అడగండి. పోయిన ఏడాది పత్రం చూపించి "ఇదే నడుస్తది" అంటే, అడ్వాన్సు జేబులోనే పెట్టుకుని ఇంకో కాలేజీ చూడండి.