డిపార్ట్‌మెంట్ మూసేస్తున్నామని ఈమెయిల్ వచ్చిందా? కంగారులో కోర్సు డ్రాప్ చేసేయకండి

అమెరికాలో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదువుతున్నవాళ్ళ కోసం రాస్తున్నా. "అకడమిక్ ప్రోగ్రామ్ రివ్యూ" (ఏ ప్రోగ్రామ్ ఉంచాలి, ఏది తీసేయాలి అని చూడటం) అని ఒక ఈమెయిల్ వస్తుంది, చూడ్డానికి ఏదో ఆఫీసు గోలలా ఉంటుంది, చాలామంది తెరవరు, నేనూ తెరవలేదు. రెండు నెలలు పోయాక మా ప్రోగ్రామ్‌లో కొత్త అడ్మిషన్లు ఆపేశారని ల్యాబ్‌లో పక్క సీటు వాళ్ళు చెప్తే తెలిసింది, అప్పటికే నేను తీసుకోవాల్సిన రెండు కోర్సులు వచ్చే సెమిస్టర్ లిస్టులోంచి ఎగిరిపోయాయి. మీకు అలా కాకూడదు.

ఇది చిన్న కాలేజీలకే వచ్చే కష్టం అనుకోవద్దు. 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి 45 మిలియన్ డాలర్ల లోటు పడితే ఆ సెప్టెంబర్‌లో యూనివర్సిటీని నడిపే బోర్డు ఓటేసి 28 మేజర్లు (డిగ్రీ ఇచ్చే సబ్జెక్టులు), 143 ఫ్యాకల్టీ పోస్టులు తీసేసింది, వాటిలో మ్యాథ్స్ మాస్టర్స్, పీహెచ్‌డీ కూడా ఉన్నాయి. అమెరికాలో పుట్టే పిల్లల సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది, ఆ పిల్లలకి ఇప్పుడు 18 ఏళ్ళు వస్తున్నాయి, అంటే ఫీజు కట్టే స్టూడెంట్లు ఇంకా తగ్గుతారు, కాబట్టి ఈ కోతలు ఒక్క ఏడాదితో ఆగేవి కావు.

ముందే ఎలా పసిగట్టాలి? స్టేట్ యూనివర్సిటీ అయితే బోర్డు మీటింగ్ అజెండాలు వెబ్‌సైట్లో పెడతారు, అందులో మీ ప్రోగ్రామ్ పేరు కొట్టి వెతకండి, పది నిమిషాల పని. ప్రైవేట్ నాన్-ప్రాఫిట్ అయితే ఏటా ట్యాక్స్ వాళ్ళకిచ్చే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు, వరసగా రెండు మూడేళ్ళు రాబడి కంటే ఖర్చే ఎక్కువుంటే జాగ్రత్త పడాలి. ఇవేవీ చూడకపోయినా, రిటైరైన ప్రొఫెసర్ సీటు ఖాళీగానే ఉంచేస్తున్నారా, టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఆఫర్ ఏడాదికి కాకుండా ఒక్క సెమిస్టర్‌కే ఇస్తున్నారా అన్నది గమనించండి, మా దగ్గర ఈ రెండూ ఏడాది ముందు నుంచే ఉన్నాయి.

సరే, వార్త వచ్చేసింది. మొట్టమొదట, ఏ కోర్సూ డ్రాప్ చేయకండి. ఎలాగూ మూసేస్తున్నారు కదా అని డీఎస్‌ఓకి (యూనివర్సిటీలో మన వీసా రికార్డు చూసే అధికారి) చెప్పకుండా మానేస్తే స్టేటస్ పోతుంది, గ్రేస్ పీరియడ్ కూడా ఉండదు. పర్మిషన్ తీసుకుని విత్‌డ్రా అయితే దేశం వదలడానికి 15 రోజులు, డిగ్రీ పూర్తి చేస్తే 60 రోజులు, ఈ తేడా గుర్తుంచుకోండి.

తర్వాత టీచ్-అవుట్ ప్లాన్ గురించి అడగండి. ప్రోగ్రామ్ ఎత్తేసినా ఇప్పటికే చేరినవాళ్ళు డిగ్రీ పూర్తి చేసుకునే దారి చూపించాలని యూనివర్సిటీలకి గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ సంస్థలు అడుగుతాయి, దానికే ఆ పేరు. మీకు మిగిలిన కోర్సులు ఒక్కోటీ పేరుతో సహా రాసి, ఇది ఏ సెమిస్టర్‌లో నడుపుతారు, నడపకపోతే బదులు ఏ కోర్సు ఒప్పుకుంటారు, నా అడ్వైజర్ వెళ్ళిపోతే కమిటీలో ఎవరుంటారు అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఈమెయిల్ పెట్టండి. నోటిమాట పనికిరాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. మా జూనియర్ ఒకమ్మాయికి "నీ టీఏ ఎక్కడికీ పోదు" అని కారిడార్‌లో నిలబడి చెప్పారు, ఆ మాట చెప్పినాయన జూన్‌లో వేరే ఊరికి ఉద్యోగం మారిపోయాడు, ఆగస్టులో ఆ అమ్మాయికి ఫీజు బిల్లు మొత్తం వచ్చింది, చూపించడానికి చేతిలో కాగితం లేదు.

బదులు కోర్సు ఇస్తామంటే అది ఆన్‌లైనా క్యాంపస్‌లోనా అని చూడండి, ఎందుకంటే ఎఫ్-1 వాళ్ళకి ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది, అదీ 3 క్రెడిట్ల వరకే. మనుషులు తగ్గిన డిపార్ట్‌మెంట్లు మిగిలిన కోర్సుల్ని ఆన్‌లైన్‌లో పడేస్తుంటాయి, వాళ్ళకి అది సులువే గానీ మన వీసా సంగతి వాళ్ళకి తట్టదు, మనమే గుర్తు చేయాలి.

ఇంకొకటి, డిపార్ట్‌మెంట్‌ని వేరేదాంట్లో కలిపి డిగ్రీ పేరు మారుస్తామన్నారనుకోండి, ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) మేజర్ దగ్గర ఆ సబ్జెక్టుని గుర్తించే ఆరంకెల సీఐపీ కోడ్ ఉంటుంది, కంప్యూటర్ సైన్స్‌కి 11.0701 లాగా, అది మారుతుందేమో అడగండి. ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే పర్మిషన్) 12 నెలలు, ఆ 12 నెలల మీద ఇంకో 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ రావాలంటే మాత్రం ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉండాలి. పేరులో సైన్స్ అని ఉందిలే అనుకుంటే కుదరదు, కోడే చూస్తారు.

ట్రాన్స్‌ఫర్ అవుదామనుకుంటే సెవిస్ (స్టూడెంట్ వీసా వాళ్ళ ప్రభుత్వ రికార్డు) రిలీజ్ డేట్, అంటే ఆ రికార్డు కొత్త యూనివర్సిటీకి వెళ్ళే రోజు, దాని దగ్గర తొందరపడకండి. ఆ డేట్ దాటాక పాత యూనివర్సిటీలో పనిచేసే పర్మిషన్ ఉండదు, అంటే టీఏ జీతం అక్కడితో ఆఖరు, కొత్తచోట క్లాసులేమో 5 నెలల లోపే మొదలవ్వాలి. రెండూ క్యాలెండర్‌లో రాసుకుని డేట్ ఎంచుకోండి. ఈలోపు తీసుకున్న ప్రతి కోర్సు సిలబస్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, క్రెడిట్లు ఒప్పుకునేముందు కొత్త యూనివర్సిటీ అడుగుతుంది, డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ తీసేశాక అవి దొరకవు. ప్రొఫెసర్ల పర్సనల్ ఈమెయిల్ కూడా ఇప్పుడే తీసుకోండి, ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు ఈమెయిల్ పోతుంది, రికమండేషన్ ఎవరిని అడుగుతారు? అడిగేటప్పుడు ఆయన ఎలా ఉన్నారో కూడా కనుక్కోండి, పదిహేనేళ్ళు పాఠం చెప్పిన మనిషి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటుంటే నాకు లెటర్ కావాలి సార్ అని మొదలుపెట్టడం బాగోదు.

బోర్డు ఓటు ఇంకా పడలేదంటే ఊరుకోకండి. వెస్ట్ వర్జీనియాలో మొదట ప్రతిపాదించినవి 32 మేజర్లు, 169 పోస్టులు, డిపార్ట్‌మెంట్లు అప్పీల్ చేసుకున్నాక అవి 28కి, 143కి తగ్గాయి, భాషల డిపార్ట్‌మెంట్‌లో మేజర్లు పోయినా స్పానిష్, చైనీస్ క్లాసులు కొన్ని నిలిచాయి. అంటే 26 ఉద్యోగాలు నిలిచాయి, చిన్న సంగతి కాదు. చాలా బోర్డు మీటింగుల్లో బయటివాళ్ళు మాట్లాడొచ్చు, పేరు ముందుగా ఇవ్వాలి, దొరికేది రెండు మూడు నిమిషాలే. మా ప్రోగ్రామ్ చాలా గొప్పది అని మొదలుపెట్టకండి, ఎంతమందిమి ఉన్నాం, ఒక్కొక్కళ్ళకి ఎన్ని కోర్సులు మిగిలాయి, డిపార్ట్‌మెంట్ బయటి స్టూడెంట్లు ఎంతమంది మా క్లాసుల్లో కూర్చుంటున్నారు, ఈ మూడు అంకెలు కాగితం మీద రాసుకెళ్ళి చదవండి, చదివాక ఆ కాగితం సెక్రటరీకి ఇచ్చి రికార్డులో పెట్టమని అడగండి.