ఆల్ఫా ఫ్యాక్టర్‌తో ఈస్ట్ కణాన్ని ఆపడం ఎలా?

పెప్టైడ్‌తో ప్రోటీన్ పనిని శాసించడం నేర్చుకుంటానని ఎవరు వచ్చినా వాళ్ల చేతికి ముందు ఆల్ఫా ఫ్యాక్టరే ఇస్తాను. ఇది 13 అమైనో ఆమ్లాల గొలుసు, అంటే ఒక చిన్న పెప్టైడ్. ఈస్ట్‌లో జతకట్టే రకాలు రెండు: ఆల్ఫా, ‘ఎ’. ఆల్ఫా రకం ఈస్ట్ దీన్ని వదిలితే ‘ఎ’ రకం కణం పైపొరలోని ఎస్‌టీఈ2 రిసెప్టర్ (సంకేతం అందుకునే ప్రోటీన్) పట్టుకుంటుంది. ఆ కబురు అందిన ఫార్1 ప్రోటీన్, కణచక్రాన్ని నడిపే సీడీసీ28 కైనేజ్ అనే ఎంజైముకు అడ్డుపడుతుంది. కణచక్రం జీ1 దశలో, అంటే డీఎన్ఏ నకలు మొదలవకముందే, నిలిచిపోతుంది.

ముందు మీ స్ట్రెయిన్ (మీరు పెంచే ఈస్ట్ వంశం) చూసుకోండి. ‘ఎ’ కణాలు బార్1 అనే ఎంజైమును బయటికి వదిలి ఈ పెప్టైడ్‌ను ముక్కలు చేస్తాయి. బార్1 తొలగించిన స్ట్రెయిన్‌కు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు చాలు. బార్1 ఉంటే 5 మైక్రోగ్రాములు, అంటే వంద రెట్లు, పోయాలి. పెప్టైడ్ ధర తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

డీఎంఎస్ఓ అనే ద్రావణిలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కరిగించి, చిన్న ప్లాస్టిక్ ట్యూబుల్లో పంచి మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. గాజుకు ఇది అంటుకుపోతుంది. కల్చర్ చురుగ్గా పెరుగుతూ ఉండాలి: వైపీడీ అనే పోషక ద్రవంలో, 30 డిగ్రీల దగ్గర, ఓడీ (కల్చర్ మసక ఎంతుందో చెప్పే కొలత) 0.2 వచ్చినప్పుడు పెప్టైడ్ కలపండి. గంటన్నర తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టండి.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆగిన కణం సొరకాయలా ఒక వైపు సాగుతుంది. దాన్ని ‘ష్మూ’ అంటారు. ఆ కొసను మొగ్గగా, అంటే తల్లి కణం మీద పుట్టే పిల్ల కణంగా, లెక్కేస్తే శాతాలన్నీ తారుమారు. మొగ్గకూ తల్లికీ నడుమ నొక్కినట్టు మెడ ఉంటుంది. ష్మూకు ఉండదు, ఒళ్లు అలాగే సన్నబడుతూ పోతుంది. అతుక్కున్న జంటలు కూడా మోసం చేస్తాయి కాబట్టి కాసేపు సోనికేట్ చేసి (శబ్ద తరంగాలతో విడదీసి), 200 కణాలు లెక్కపెట్టండి. నూటికి 90కి పైగా మొగ్గ లేనివైతే సరే. ఆగిన కణాలను మళ్లీ చక్రంలోకి వదిలిపెట్టాలంటే తాజా వైపీడీతో రెండుసార్లు కడిగి, ప్రోనేజ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము) ఉన్న మీడియాలో వేయండి.

కణం ఆగిందని సంబరపడకండి, ఆపింది ఎవరో తేల్చండి. డీఎంఎస్ఓ మాత్రమే పోసిన ఫ్లాస్కు ఒకటి, ఎస్‌టీఈ2 లేని ‘ఎ’ కణాలకు పెప్టైడ్ పోసింది ఒకటి పక్కన ఉండాల్సిందే. ఇవీ ఆగితే రిసెప్టర్‌కు సంబంధం లేదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే మొదటి ట్రిప్టోఫాన్ తీసేసి, మూడో స్థానంలో అలనిన్ పెట్టిన పెప్టైడ్ తెప్పించండి. అది ఎస్‌టీఈ2కు అతుక్కుంటుంది కానీ సంకేతం ఇవ్వదు. దాన్ని ఎక్కువ మోతాదులో కలిపితే అసలు ఆల్ఫా ఫ్యాక్టర్ ప్రభావం తగ్గాలి.

కణం లోపలి ప్రోటీన్‌ను ఆపాలంటే దారి వేరు. బయటినుంచి పోసిన పెప్టైడ్ లోపలికి చేరుతుందని నమ్మలేం. ఆ పెప్టైడ్ జన్యువును గాల్1 ప్రమోటర్ (జన్యువును నడిపే డీఎన్ఏ స్విచ్) వెనుక పెట్టి కణం చేతే తయారు చేయించాలి. రాఫినోజ్ అనే చక్కెరలో పెంచి, గెలాక్టోజ్ కలిపితే మొదలవుతుంది, గ్లూకోజ్‌తో ఆగిపోతుంది. అక్కడ పోలికకు అవే అమైనో ఆమ్లాలను వరస మార్చి కూర్చిన పెప్టైడ్‌ను వాడండి.