ఎయిర్ పిస్టల్‌కి సొంత గ్రిప్: సమస్య - పరిష్కారం

ఇంట్లో అమ్మాయో తమ్ముడో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడుతుంటే, వాళ్ల చేతికి కుదిరేలా వాల్‌నట్ చెక్కతో చెక్కిన గ్రిప్‌ని, అంటే పిస్టల్ పిడిని, మించిన కానుక నాకు తోచదు. సర్‌ప్రైజ్ చేద్దామన్న ఆశ మాత్రం వదులుకోండి. ఆ చెయ్యి మీ ఎదురుగా లేకుండా ఈ పని జరగదు. ఇక్కడ చెప్పేదంతా కుడిచేతివాటం వాళ్లకి.

లోపల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేదని చూసుకుని, గాలి నింపే ఎయిర్ సిలిండర్ విప్పి, గ్రిప్‌ని పిస్టల్ నుంచి వేరు చేశాకే ఆకురాయి పట్టుకోండి.

సమస్య: కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, కళ్లు తెరిస్తే ఫ్రంట్ సైట్ (గొట్టం ముందున్న గురి పుల్ల), వెనకవైపున్న గురి గాడికి మధ్యలో కనపడటం లేదు.

కారణం: గ్రిప్ కోణం తేడాగా ఉంది. ప్రతి షాట్‌కీ పిల్ల మణికట్టు వంచి సరిచేసుకుంటోంది.

పరిష్కారం: వెంటనే చెక్క గీకేయకండి. మ్యాచ్ పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్ బోల్టు వదులు చేస్తే కొంచెం తిప్పే వీలుంటుంది. రవ్వంత తిప్పి, మళ్లీ కళ్లు మూయించి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఎపాక్సీ పుట్టీ, అదే మన ఎమ్‌సీల్ లాంటిది, ఖాళీ ఉన్నచోట పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి పట్టుకోమనండి. పిసకకూడదు, గురి చూసేటప్పుడు ఎంత పట్టు ఉంటుందో అంతే. గట్టిపడ్డాక ఎక్కువైనది గీకేయండి.

సమస్య: షాట్లు ఎడమవైపు కిందకి పోతున్నాయి.

కారణం: ట్రిగ్గర్ గుంజేస్తున్నావని పిల్లని తిట్టడం తేలిక. ముందు చూపుడువేలి పక్కభాగానికి సుద్దపొడి రాసి, పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్ చేయించండి. చెక్కమీద తెల్లటి గీత పడిందంటే వేలు గ్రిప్‌ని నెడుతోందన్నమాట.

పరిష్కారం: ఆ గీత ఉన్నచోట మాత్రమే, సుద్ద అంటనంతవరకు గీకండి. అయినా ఎడమకే పోతుంటే తప్పు చెక్కది కాదు, కోచ్‌కి అప్పజెప్పండి.

సమస్య: మొదట్లో షాట్లన్నీ పది పాయింట్ల నడిమి రింగులోనే, చివర్లో చెల్లాచెదురు.

కారణం: మ్యాచ్ అంటే 75 నిమిషాల్లో 60 షాట్లు. పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. చెయ్యి చెమటపట్టి కొద్దిగా ఉబ్బుతుంది. మొదట్లో హాయిగా ఉన్న అరచేతి పలక (గ్రిప్ అడుగున అరచేతి అంచు ఆనే చెక్క) అప్పుడు నొక్కేస్తుంది.

పరిష్కారం: పలకని కాస్త కిందకి దించండి. అరగంట ప్రాక్టీస్ అయ్యాక చెయ్యి చూడండి, ఎర్రటి గాటు పడితే ఇంకా బిగుతే.

సమస్య: పోటీలో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పిస్టల్ నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసే తనిఖీ) దగ్గర ఆపేశారు.

కారణం: అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధన ప్రకారం పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పుట్టీ రెండు పక్కలా పెంచితే దాటిపోయేది ఆ 50 మిల్లీమీటర్ల మందం. అరచేతి పలక పైకి వంపు తిరగకూడదు, బొటనవేలు పైకి స్వేచ్ఛగా కదలాలి. బరువు 1500 గ్రాములు దాటకూడదు.

పరిష్కారం: రెండు చెక్కబద్దల్ని 50 మిల్లీమీటర్ల ఎడంతో బిగించి ఇంట్లోనే కొలుచుకోండి.

సమస్య: గ్రిప్ జారుతోంది.

కారణం: కానుక కదా అని వార్నిష్ కొట్టారు.

పరిష్కారం: శాండ్‌పేపర్‌తో తీసేసి, అవిసె నూనె పల్చగా పట్టించండి. పేరు చెక్కించాలని ఉంటే అరచెయ్యి తగలని అడుగుభాగంలో చెక్కించండి.